నూకరత్నం నీళ్ళమంత్రం

నూకరత్నం నెమ్మదస్తురాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నోరు పెద్దది, గొప్పలు ఎక్కువ. డయాలసిస్ వార్డుకు వస్తోందంటే లిఫ్టు దగ్గర్నుంచే గొంతు వినిపించేది. మా ఆయన వీరబ్రహ్మం పక్క మంచం ఆవిడది కాబట్టి, ఆయనకు తోడుగా స్టూలు మీద కూర్చునే నాకు ఆ గొంతు తప్పేది కాదు. మొదట్లో ఆవిణ్ణి చూస్తేనే ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా ఆవిణ్ణి తలుచుకుని "పాపం" అంటే అంతకన్నా ఎక్కువ మండుతుంది. పాపం అనిపించుకునే రకం కాదు ఆవిడ.

పుట్టింది రాజమండ్రిలోనే, గోదారి గట్టు కింద చేపలు పట్టేవాళ్ళ పేటలో. నడక తండ్రి పడవలోనే నేర్చుకున్నానని చెప్పుకునేది. పెళ్ళయ్యాక చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగింది. ఎవరైనా గీచి గీచి బేరమాడితే గంప ఎత్తుకుని చక్కా పోయేది, వెనక్కి పిలిచినా తిరిగి చూసేది కాదు. నలభై నిండకుండానే రెండు కిడ్నీలూ పోయాయి. ఆ సంగతి తెలిసిన ఏడాదే మొగుడు పని చూసుకుంటానని యానాం వైపు వెళ్ళి మళ్ళీ రాలేదు. చెల్లెలు చిన్నమ్మాయి గంప నెత్తికెత్తుకుంది, అక్కనూ నెత్తికెత్తుకుంది.

ఈ జబ్బులో తాగిన నీళ్ళు బయటికి పోవు. ఒంట్లోనే ఉండిపోయి కాళ్ళకూ ముఖానికీ వాపు తెస్తాయి, చివరికి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. వారానికి మూడుసార్లు మిషన్ వాటిని తోడిపోస్తుంది. అందుకని వార్డులోకి రాగానే ముందు తూకం. పోయినసారి మిషన్ దిగినప్పటి బరువుకు ఎంత పెరిగితే అంత నీరు పట్టిందని లెక్క. రెండు కిలోల లోపు ఉండాలని డాక్టరు మాట. ఆ తూకం మిషన్ ముందు పెద్ద పెద్దవాళ్ళు పరీక్ష తప్పిన పిల్లల్లా నిలబడేవారు.

నూకరత్నం రెండు కిలోల లోపు ఏనాడూ రాలేదు. చెంబెత్తితే ఖాళీ అయ్యేదాకా దించని మనిషి. పైగా నీళ్ళంటే గ్లాసులో ఉన్నవే అని ఆవిడ లెక్క. మజ్జిగన్నం అన్నమే, ముంజలు కాయలే, చేపల పులుసు కూరే. మా వైపు చాలామంది లెక్క అదేలెండి, మా ఆయనా మొదటి నెల పులుసు జుర్రుకుని ఆయాసంతో ఆసుపత్రికి పరుగెత్తించాడు. ఆవిడ మాత్రం ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు. మిషన్ ఆ నీరంతా ఒక్కసారి లాగుతుంటే పిక్కలు పట్టేసి వార్డు అదిరేలా కేకలు పెట్టేది.

ఆవిడ ఒళ్ళు దగ్గర పెట్టుకున్నది ఒక్క కుడిచేతి విషయంలోనే. మిషన్‌కు రక్తం అందాలంటే చేతిలో రెండు నాళాలు కలిపి కుడతారు, దాన్ని ఫిస్టులా అంటారు. దాని మీద వేలు పెడితే లోపల గుర్రుమని అదురుతూ ఉండాలి. ఎడమచేతిది ఒకసారి గడ్డకట్టి మూసుకుపోయింది. కుడిచేతికి కుట్టేటప్పుడే డాక్టరు చెప్పేశారు, నరాలు మరీ సన్నం, ఇది కూడా పోతే ఇంకెక్కడా చోటు లేదని. అప్పట్నుంచి ఆ చేతిని చంటిపిల్లలా చూసుకునేది. నిద్ర లేవగానే దేవుడికి దణ్ణం పెట్టకముందే ఆ అదురు చూసుకునేది.

ఇక అప్పాజీ సంగతి. మండపేట దగ్గర ఆసామి ఇంటి బిడ్డ. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుండగా కిడ్నీలు పోతే, ఉద్యోగం మానుకుని ఊరొచ్చేశాడు. చదువుకున్నాడు, అందగాడు, మాట చురుకు. ఆ చురుకంతా ఎదుటివాడి లోపం ఎక్కడుందో వెతకడానికే వాడేవాడు. బెంగుళూరులో ఆదివారాలు స్నేహితులతో ఆడిన ఆట ఒకటి ఇక్కడ మంచాల మధ్య మొదలుపెట్టాడు.

ఆ ఆటకు బోర్డు లేదు, ముక్కలు లేవు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. అడవిలో పోతున్నారు, పులి ఎదురైంది, ఏం చేస్తారని నడిపేవాడు అడుగుతాడు. నేనిలా చేస్తానని చెప్పి పాచిక వేయాలి. పడిన అంకెను బట్టి ఆ పని అయిందో లేదో నడిపేవాడు చెబుతాడు. సూది గుచ్చని చెయ్యి ఒకటి ఉంటే చాలు, నాలుగు గంటలు ఇట్టే గడిచిపోతాయి. మా ఆయన జీవితమంతా తలుపులూ మంచాలూ చేసిన వడ్రంగి, ఆటలో సేనాపతి అయ్యాడు. రైస్ మిల్లు గుమాస్తా శివరామకృష్ణ దొంగ అయ్యాడు. నూకరత్నాన్ని ఎవరూ పిలవలేదు. పక్కమంచం మీంచి అడ్డు తగిలి అడ్డు తగిలి తనే చేరింది. ఏం పాత్ర కావాలని అడిగితే "నీళ్ళతో మంత్రం వేసేదాన్నండి" అంది. ఎందుకని అడగాల్సిన పని లేదు.

అప్పాజీ షరతులు పెట్టాడు. నీళ్ళు కొత్తగా పుట్టించకూడదు, ఉన్నవాటిని కదిలించవచ్చు. బతికున్న ఒంట్లో నీళ్ళ జోలికి పోకూడదు. ఈ రెండూ విని నూకరత్నం మూతి ముడుచుకుంది, పది నిమిషాల్లో మర్చిపోయి ఆటలో పడింది.

ఆవిడ తెలివి అక్కడ చూడాలి. శత్రువులు తాళ్ళవంతెన మీద వస్తుంటే ఇంకెవరైనా అలలు లేపి కొట్టేవారు. ఆవిడ వంతెన కొయ్యమేకుల్లోని తేమ లాగేసింది. మేకులు ఎండి బిగువు పోయి ఊడాయి, వంతెన కూలింది. కొయ్య అలాగే చేస్తుందని మా ఆయన మంచం మీంచి సాక్ష్యం చెప్పాడు. ఇంకోసారి చెరువు మీది ఆవిరిని దగ్గరకు పోగుచేసి మంచుతెర కట్టి, దాని చాటున దొంగను కోటలోకి పంపింది. పిచ్చివీ చేసేది. రాజుగారి గెడ్డం తడిపి తుమ్ములు తెప్పించి సభ చెడగొట్టింది. నవ్వలేక చచ్చాం.

అయితే మిషన్ నీరు లాగడం మొదలుపెట్టాక పిక్కలు పట్టేసి కేకలు పెట్టేది, ఆట ఆగిపోయేది. అప్పాజీకి తన కథ ఆగితే కోపం. ఒకరోజు కొత్త షరతు పెట్టాడు. తూకంలో రెండు కిలోలకు ఎంత తక్కువగా వస్తే ఆవిడకు అంత మంత్రబలం. వంద గ్రాములకు ఒక చుక్క. రెండు కిలోలు దాటి వస్తే ఆ రోజు ఆవిడ మంత్రగత్తె ఉత్త మనిషి.

ఆ షరతు పనిచేసింది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. డాక్టరు తిట్టినా, నర్సు పావని బతిమాలినా, చెల్లెలు ఏడ్చినా వినని మనిషి చుక్కల కోసం చెంబు ముట్టడం మానేసింది. మజ్జిగన్నం మానేసింది. ముంజల బండి ఎదురైతే తల తిప్పుకుని పోయానని మాకు గొప్పగా చెప్పేది. ఆయాసం తగ్గింది, కేకలు తగ్గాయి. పావని సంబరపడి అప్పాజీకి దండం పెట్టింది. అప్పాజీ నవ్వుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఒక మనిషి దాహం చేతికి చిక్కినవాడి నవ్వు అది.

ఆ తర్వాత ఒక్కో మంత్రం ఖరీదు పెంచుకుంటూ పోయాడు. ఉప్పునీళ్ళు కదిలిస్తే రెట్టింపు చుక్కలన్నాడు. పల్లం నుంచి మెరకకు ఎక్కిస్తే మూడింతలన్నాడు. ఆవిడ ఎక్కడ సందు దొరికించుకుంటే తర్వాతి షిఫ్టుకు అక్కడ గోడ లేచేది. ఆవిడ ఇంకొంచెం ఎండి వచ్చేది.

మకరరాక్షసుడి రోజు అప్పాజీ పరువు పోయింది. వాణ్ణి నెల్లాళ్ళుగా ఊరించుకుంటూ తెచ్చాడు. నది అడుగున చచ్చి పడి ఉండి మళ్ళీ లేచాడట, కత్తి దిగదట, బాణం తగలదట. సేనాపతి ఓడిపోయాడు, దొంగ పారిపోయాడు. నూకరత్నం తీరిగ్గా అడిగింది.

"చచ్చి లేచాడని మీరే అన్నారు కదండీ. అంటే బతికున్న ఒళ్ళు కాదు కదండీ?"

తన మాట తనే కాదనలేక అప్పాజీ పాచిక వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ పాచిక వేసింది, పెద్ద అంకె పడింది. ఉన్న చుక్కలన్నీ పెట్టి రాక్షసుడి ఒంట్లో నీరంతా తీసేసింది. అంతటితో ఊరుకోలేదు. ఉప్పు పట్టించింది, చాప మీద పరిచింది, కాకులు వాలకుండా వల కప్పింది, సాయంత్రానికి తిరగేసింది. మకరరాక్షసుడు ఎండుచేప అయ్యాడు. వార్డంతా నవ్వింది. ఎప్పుడూ పలకని మూలమంచం ముసలాయన కూడా నవ్వాడు. పావని ట్రే పట్టుకుని నవ్వుతూ నిలబడిపోయింది. అప్పాజీ ముఖం మాడిపోయింది. అంతమందిలో ఒక చేపలమ్మి తన కథను ఎండగట్టి గంపకెత్తిందని ఆయన మనసులో పెట్టుకున్నాడు.

తర్వాతి షిఫ్టులో జలకోట వచ్చింది. సరస్సు అడుగున కోట, దానికి ఒకే తలుపు. అది తెరవాలంటే సరస్సు మొత్తాన్ని పక్కకు నెట్టాలి. ఇరవై చుక్కలు కావాలన్నాడు. అంటే గ్రాము బరువు కూడా పెరక్కుండా రావాలి. తెరవలేకపోతే ముగ్గురి పాత్రలూ మునిగి చస్తాయి, ఆట సరి.

నేను ఊరుకోలేదు. అప్పాజీ మిషన్ దిగి కారు కోసం వరండాలో కూర్చున్నప్పుడు అడిగాను, ఆట కోసం మనిషిని ఇంతగా ఎండగట్టడం ఏమిటని. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు.

"డాక్టరు గారు చెయ్యలేంది నేను చేశానండి. ఆవిడకి ఆయాసం తగ్గిందా లేదా, మీరే చెప్పండి."

తగ్గింది నిజమే. మా ఆయనకు ఇంటిదగ్గర గడ్డి పెట్టాను. సేనాపతి చచ్చిపోతాడన్న దిగులే తప్ప ఆయన చెవికి ఇంకేమీ ఎక్కలేదు. శివరామకృష్ణ అయితే రోజూ ఆవిడకు ఫోను చేసి, అంతా మీ చేతిలోనే ఉందని గుర్తుచేస్తున్నాడట. ఇంత వయసొచ్చినవాళ్ళు, ఇళ్ళలో పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు, లేని కోట తలుపు కోసం ఉన్న మనిషి గొంతు నొక్కారు.

నూకరత్నం మాత్రం ఆ రోజే ఇంటికి వెళ్ళబోతూ వార్డు గుమ్మంలో నిలబడి అందరికీ వినిపించేలా అంది.

"వస్తానండి అప్పాజీ గారు. గ్రాము పెరక్కుండా వస్తాను. రాకపోతే నన్ను నూకరత్నం అని పిలవకండి."

అది రోహిణి కార్తె. రోడ్డు మీద తారు కరుగుతోంది. ఆ మధ్యలో ఇంట్లో ఏం జరిగిందో చిన్నమ్మాయి తర్వాత చెప్పింది. నీళ్ళు పూర్తిగా మానేసింది. అన్నంలో తడి ఉంటుందని అటుకులు పొడిగా నమిలింది. అయినా తూకం తగ్గుతుందో లేదోనని విరేచనాల బిళ్ళలు మింగింది. మిట్టమధ్యాహ్నం డాబా మీద దుప్పటి కప్పుకుని కూర్చుని చెమట పోయించుకుంది. చెల్లెలు దుప్పటి లాగబోతే కరిచినంత పని చేసింది. కళ్ళు తిరిగి పడినా ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది.

ఆ పొద్దున లిఫ్టు దగ్గర గొంతు వినిపించలేదు. చిన్నమ్మాయి భుజం పట్టుకుని నడిచి వచ్చింది. పెదాలు చీలిపోయాయి, కళ్ళు లోపలికి పోయాయి. తూకం మిషన్ ఎక్కి వెలుగుతున్న అంకె చూసుకుని, తలెత్తి ఒక్కొక్కళ్ళ ముఖం వరసగా చూసింది. పెరగకపోవడం కాదు, పోయినసారి దిగినప్పటికన్నా కిలో తక్కువ. శివరామకృష్ణ చప్పట్లు కొట్టాడు.

మంచం మీద పడుకోగానే పావని వచ్చి కుడిచెయ్యి పట్టుకుని ఫిస్టులా మీద వేళ్ళు పెట్టింది. పెట్టి అలాగే ఉంది. వేళ్ళు కొంచెం పైకి జరిపింది, కిందికి జరిపింది. స్టెతస్కోపు పెట్టి విన్నది. ఇవాళ పొద్దున చూసుకున్నారా అని అడిగింది. తూకం హడావిడిలో చూసుకోలేదని నూకరత్నం అంది. చెప్పేటప్పుడు ఎడమచెయ్యి తనంత తానే కుడిచేతి మీదికి వెళ్ళింది. అదురు లేదు.

డాక్టరు వచ్చి చూశారు. ఒంట్లో నీరు మరీ ఎండిపోయి, రక్తపోటు పడిపోయి గడ్డ కట్టిందన్నారు. ప్రయత్నిస్తామన్నారు గాని ఆయన ముఖంలో ఆశ లేదు. ముందు మెడలో గొట్టం వేసి మిషన్ ఎక్కించాలి, ఆపరేషన్ గదికి తీసుకువెళ్ళమన్నారు. చిన్నమ్మాయి గోడకు జారబడి కూర్చుండిపోయింది. స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు నూకరత్నం ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ తల తిప్పి అప్పాజీ మంచం వైపు చూసింది.

"నా చుక్కలు లెక్కెయ్యండి అప్పాజీ గారు. తలుపు తెరిచేసి ఎల్తాను."

ఆయనకు అప్పటికే సూదులు గుచ్చారు. పాచిక వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. ఒక్కమాట, తెరుచుకుందన్న ఒక్కమాట చాలు. ఖర్చు లేదు, కష్టం లేదు.

"మిషన్ ఎక్కినవాళ్ళ తూకమే లెక్క నూకరత్నం. ఇవాళ నువ్వు ఎక్కలేదు కదా. వచ్చేసారి చూద్దాం."

అలాంటి షరతు అంతకుముందు ఎప్పుడూ లేదు. అప్పటికప్పుడు పుట్టించాడు. ఆవిడ వాదించలేదు. అవునులెండి అన్నట్టు తలూపింది. స్ట్రెచర్ వెళ్ళిపోయింది. నేను లేచి ఆయన చేతిలోని పాచిక లాక్కుని కిటికీలోంచి విసిరేశాను. మా ఆయన నన్ను కసిరాడు. అప్పాజీ సంచిలోంచి ఇంకోటి తీశాడు.

చేతిలో గడ్డ తీయడానికి ప్రయత్నించారు, కుదరలేదు. మెడలో గొట్టం కొన్నాళ్ళకు చీము పట్టింది. తొడలో వేశారు. అక్కడా చీము పట్టి చలిజ్వరాలు మొదలయ్యాయి. ఆషాఢంలో ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. ఇంక నీళ్ళకు లెక్కలేదని, ఆవిడ ఎంత అడిగితే అంత ఇవ్వమని డాక్టరు చిన్నమ్మాయితో చెప్పారు.

చిన్నమ్మాయి ఫోను చేస్తే వెళ్ళాను. ఒంటిగది ఇల్లు. నూకరత్నం ఒళ్ళంతా ఉబ్బిపోయింది, పెదాలు మాత్రం ఎండి అట్టకట్టి ఉన్నాయి. చెల్లెలు చెంచాతో నీళ్ళు పెదాలకు ఆనిస్తోంది. ఆవిడ పళ్ళు బిగించి మూసుకుంది. నిన్నటినుంచి ఇదే వరస అని చిన్నమ్మాయి నన్ను పట్టుకుని ఏడ్చింది. పోయేవాళ్ళ గొంతులో గోదారి నీళ్ళు పోయకపోతే ఆ దాహం ఎన్నటికీ తీరదని వాళ్ళ పేటలో నమ్మకం. గదిలో బిందె నిండా గోదారి ఉంది. మనిషి నోరు తెరవడం లేదు.

నేను దగ్గరగా కూర్చుని చెప్పాను, ఆట అయిపోయింది నూకరత్నం, నువ్వే గెలిచావు, తాగమని. ఆవిడ కళ్ళు తెరిచింది.

"అప్పాజీ గారు అన్నారాండి?"

అబద్ధం చెప్పేస్తే పోయేది. నా ముఖం చూసి కనిపెట్టేసింది, మళ్ళీ పళ్ళు బిగించింది. బయటికి వచ్చి అప్పాజీకి ఫోను చేశాను. చేయకూడదనుకుంటూనే చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి, తలుపు తెరుచుకుందని ఒక్కమాట అనమన్నాను, కావాలంటే కాళ్ళు పట్టుకుంటానన్నాను. ఆయన అవతల ఏడుస్తున్నాడని తెలిసింది. ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టమన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి పెట్టాను.

"ఆట అయిపోలేదు నూకరత్నం. తలుపు దగ్గరే ఉన్నావు. ఒక్క చుక్కే తక్కువ. ఓపిక పట్టు, సోమవారం వచ్చి నువ్వే తెరుద్దువుగాని."

ఆట మిగిలి ఉందంటే ఆవిడ ప్రాణం నిలబెట్టుకుంటుందనుకున్నానని తర్వాత నాతో చెప్పుకున్నాడు. నిజమే కావచ్చు. ఆ నిజంతో నాకు పని లేదు.

నూకరత్నం ముఖం విప్పారింది. "ఆయ్" అంది, అంతే. అంతకుముందు చెల్లెలు ఎలాగో పెదాల మధ్య ఒంపిన నీళ్ళు కొంచెం నోట్లో ఉన్నాయి కాబోలు, వాటిని నాలుకతో బయటికి తోసేసింది. తర్వాత చిన్నమ్మాయి దవడ పట్టుకుని తెరవబోయింది, నేనూ పట్టాను, ఇద్దరికీ సాధ్యం కాలేదు. పోసిన నీళ్ళు పోసినట్టే చెంపల మీంచి జారి దిండు తడిసింది. ఆ దిండు మీదే మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.